సముద్రమును చూడని కన్నులు

గడ్‌చాందూర్‌లో కురిసిన వాననీరు వార్ధానదిని చేరి, ప్రాణహితగా మారి, కాళేశ్వరము వద్ద గోదావరిలో కలిసి, తుదకు బంగాళాఖాతమున పడుచున్నది. సముద్రమునెన్నడు చూడని మన బాలబాలికలకును దానితో చుట్టరికము కలదు. ఆ సముద్రమును ఆకాశమునుండి చూచు పరికరమును ఎట్లు ఊహించి నిర్మింతురో తెలిసికొందము.

1999 మే 26న శ్రీహరికోటనుండి ఓషన్‌శాట్-1 అను ఉపగ్రహమును ప్రయోగించిరి. సముద్రపరిశీలనకై మన దేశము ప్రత్యేకించి పంపిన మొదటి ఉపగ్రహమిదియే. అందు సముద్రపు రంగును కొలుచు కెమెరా యుండెను. రంగుతో నేమి పని యందురా? నీటిలో కంటికి కానరాని సూక్ష్మమైన మొక్కలు తేలుచుండును. వానిలోని పత్రహరితము నీలికాంతిని మ్రింగును గనుక అవి హెచ్చుగానున్న చోట నీరు పచ్చదనము దాల్చును. అచ్చటికి చిన్న చేపలును, వానికొరకు పెద్ద చేపలును వచ్చును.

చిక్కు వేరొకటి కలదు. సముద్రముపైనుండి ఉపగ్రహమును చేరు వెలుగులో సుమారు నూటికి తొంబది పాళ్లు గాలి వెదజల్లినదే. నీటిలోనుండి వచ్చునది స్వల్పము. సంతగోలలో ఒకరి గుసగుసను వినవలసినట్లున్నది! ఇందుకు శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయమును చూడుడు. ఎనిమిది కాంతిపట్టీలను ఎన్నుకొని, వానిలో ఆరింటిని కంటికి కనిపించు కాంతినుండి తీసికొనిరి. తక్కిన రెండును 765, 865 నానోమీటర్ల వద్దనున్న పరారుణ పట్టీలు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ఈ కాంతిని నీరు దాదాపు పూర్తిగా మ్రింగివేయును. కావున లోతైన సముద్రము ఆ పట్టీలలో నల్లగా కనబడవలెను. వెలుగేమైన కనబడెనా, అది గాలిదే. దానినిబట్టి తక్కిన ఆరింటిలోని గాలి వంతును లెక్కించి తీసివేయుదురు. సముద్రమును చూచుటకు పంపిన కన్నులలో రెంటిని సముద్రమును చూడకుండుటకే నియమించుట మాకెంతయు ముచ్చట గొలిపినది.

వరదల నాడు గోదావరి ముఖమున ఈ లెక్క తప్పును, బురదనీరు పరారుణకాంతిని కూడ వెనుకకు పంపును గనుక. ఆ బురదలో మన పొలముల మట్టియు కొంత కలదు.

నీటిపై సూర్యుని తళతళ తప్పించుటకు కెమెరాను 20 డిగ్రీలు వంచు ఏర్పాటు చేసిరి. ఒక్కమారు 1420 కిలోమీటర్ల వెడల్పును చూచును గనుక రెండు దినములకొకసారి అదే చోటికి చూపు మరలును. అందులకై 360 మీటర్లకన్న చిన్న వస్తువులను వదలుకొనిరి. చేపలు నెలదాక ఒకేచోట నిలువవు కదా!

2022 నవంబరు 26న పంపిన ఓషన్‌శాట్-3 కెమెరాకు పదమూడు పట్టీలు కలవు. ఇట్టి ఉపగ్రహములు తెలుపు పత్రహరితమును, నీటి వేడిమిని పరిశీలించి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరకగల తావులను ప్రకటించుచున్నది. వెదకులాట తగ్గిన కొలది జాలరికి డీజిలు మిగులును. ఆ ప్రకటన కాకినాడ రేవున తెలుగులోను, రత్నగిరి రేవున మరాఠీలోను వెలువడుచున్నది.