అలిగే ముందు అడుగు

యారాడ,
ఆదివారం మధ్యాహ్నం

చి.ల.సౌ. చిన్నమ్మికి మావయ్య ఆశీస్సులు.

మాఘమాసంలో ముహూర్తం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచి అత్తా నేనూ లెక్కలు వేసుకుంటూనే ఉన్నాం. మేనమామను కదా, నిన్ను గంపలో కూర్చోబెట్టి పెళ్లిపీటల దాకా మోసుకురావాల్సినవాణ్ణి. వట్టి చేతులతో రాలేను. అందుకే మొన్న నిన్నే అడిగాను, ఏం కావాలమ్మా అని. "నీ ఇష్టం మావయ్యా, ఏదైనా పర్లేదు" అన్నావు. అప్పట్నుంచి ఈ ఉత్తరం రాయాలని ఉంది. ఫోన్‌లో అయితే మళ్లీ అదే మాట అంటావు.

నీ ఓణీల ఫంక్షన్‌కి నేను తెచ్చిన లంగా ఓణీ గుర్తుందా? జగదాంబ సెంటర్లో నాలుగు షాపులు తిరిగి తెచ్చిన కుంకుమరంగు పట్టు. ఆ రోజు కట్టుకుని నా కాళ్లకు దణ్ణం పెట్టావు. మళ్లీ ఎప్పుడూ కట్టలేదు. ఆ రంగు నీకు అస్సలు గిట్టదనీ, ఆకుపచ్చ కావాలని నెల రోజులు మీ అమ్మ దగ్గర పోరావనీ ఏడేళ్ల తర్వాత తెలిసింది. ఆకుపచ్చది కూడా అదే షాపులో, అదే ధరకి ఉంది చిన్నమ్మీ. చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ పెట్టేశాను.

అడగందే అమ్మైనా పెట్టదు అని అందరం అంటాం. ఆడపిల్ల నిజంగా నోరు తెరిచి అడిగితే మాత్రం ఆశపోతు అంటాం. దాంతో అడగడం మానేసి అలగడం నేర్చుకుంటారు. నంది తిమ్మన పారిజాతాపహరణం కథ నీకు తెలిసిందే. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. ఆ సంగతి చెలికత్తె చెబితే విని సత్యభామ అలిగి పడుకుంది. ఆఖరికి స్వర్గం నుంచి చెట్టునే పెకలించి తేవాల్సి వచ్చింది. ఆ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు సత్యభామ మీద కోపం రాదు, జాలేస్తుంది. మన పెళ్లిళ్లలో అలకపాన్పు చూడు. అక్కడ అలిగే హక్కు అల్లుడిది. ఉంగరమో వాచీయో పెట్టి బతిమాలతారు. పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి నీకేం కావాలని అడిగే తంతు ఇన్ని పెళ్లిళ్లలో ఒక్కచోటా చూడలేదు.

ఇక మీ అత్త సంగతి. ఇది నీకు తెలియదు. ఆమెను అడిగే రాస్తున్నాను.

స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి ఫర్నేస్ దగ్గర పనిచేసే రోజుల్లో, ఏటా బోనస్ రాగానే ఆమెకు గాజులు చేయించేవాణ్ణి. మూడేళ్లలో మూడు జతలయ్యాయి. నాలుగో ఏడాది గాజుల డబ్బా పట్టుకుని వచ్చేసరికి పెరట్లో కూర్చుని చీపురు కోసం కొబ్బరి ఈనెలు తీస్తోంది. డబ్బా మూత తీసింది, చూసింది, మూత పెట్టింది. పిట్టగోడ మీద పెట్టి మళ్లీ కత్తి అందుకుంది. రెండు మట్టలయ్యాక, తలెత్తకుండా, "ఈ డబ్బుతో ఓ బండి కొనుంటే బాగుండేది" అంది. ఎవరికి బండి అన్నాను. "నాకు" అంది.

అప్పట్లో వాళ్లమ్మ మల్కాపురంలో మంచం మీద ఉండేది. ఇక్కణ్ణుంచి కొండెక్కి దిగితే సింధియా, అది దాటితే మల్కాపురం. ఏమంత దూరం? కానీ బస్సు తప్పిపోతే మళ్లీ బస్సు వచ్చేదాకా నిలబడాలి. రాత్రంతా సి షిఫ్టు చేసొచ్చి పడుకున్న నన్ను లేపడానికి ఆమెకు మనసొప్పేది కాదు. తల్లికి తన చేత్తో అన్నం తినిపించి, చీకటి పడేలోగా కొండ దాటి ఇంటికి రావాలి. ఆమె కోరిక అంతే. మూడేళ్లుగా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోందట. ఇంత ప్రేమగా తెస్తుంటే వద్దంటే నొచ్చుకుంటానని ఊరుకుందట.

నొచ్చుకున్నమాట నిజమే. రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు గాజులు షాపులో తిరిగిచ్చేసి, ఇంకొంత కలిపి స్కూటీ తెచ్చాను. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద నేర్పాను. మొదటిసారి ఒక్కతే కొండ దాటిన రోజు సింధియాలో టెలిఫోన్ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేసి, దిగానని చెప్పమంది. ఆ తర్వాత వాళ్లమ్మ పోయేదాకా, పద్నాలుగు నెలలు, రోజూ వెళ్లొచ్చింది. అంతకు ముందు మూడేళ్లు కూడా ఆమెకు దక్కాల్సినవే.

1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని జనం రోడ్డెక్కి, 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ మా స్టీల్‌ప్లాంట్. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. అందరూ ఒక్క గొంతుతో అడగబట్టి వచ్చిన కొలువు నాది. యూనియన్ మీటింగుల్లో కోర్కెల జాబితాలు చదివినవాణ్ణి. ఇంట్లో మనిషికి ఏం కావాలో ఒక్కసారి కూర్చుని అడగాలని నాకు తోచలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నువ్వు "నీ ఇష్టం" అన్నప్పుడు గుండెలో కలుక్కుమన్నది అందుకే.

అడగమన్నాను కదా అని ఒక సంగతి మరిచిపోకూడదు. అడిగినది ఇవ్వకపోతే ఏమవుతుందోనన్న భయం ఎదుటివాళ్లకు కలిగిందంటే అది కోరిక కాదు, కట్నం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఈ తేడాని బాగా పట్టుకుంది. ఎవరూ డిమాండ్ చేయకుండా, ఆనవాయితీ ప్రకారం, తాహతుకు మించకుండా ఇచ్చే కానుకలకు అభ్యంతరం లేదు. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం 5 ఏళ్ల జైలు. 1985 రూల్స్ ప్రకారం పెళ్లికూతురికి వచ్చినవీ పెళ్లికొడుక్కి వచ్చినవీ విడివిడిగా రాయాలి. వస్తువేమిటి, విలువ ఎంత, ఎవరిచ్చారు, ఏమవుతారు అన్నీ రాసి సంతకాలు పెట్టాలి. మీ నాన్నకు చెప్పి నోటుబుక్కు కొనిపించు. అబ్బాయి వైపు నుంచి ఎవరైనా తమ కోరికను నీ నోటితో చెప్పించాలని చూస్తే, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

శుభలేఖలో "కానుకలు వద్దు, మీ ఆశీస్సులే చాలు" అని వేయిస్తానన్నావట. వద్దమ్మా. మనవాళ్లు వట్టి చేతులతో రారు. ఏం తేవాలో తెలియక గోడ గడియారాలు తెస్తారు. మా అటక మీద ఇప్పటికీ మూడున్నాయి, అట్టపెట్టె విప్పనివి. ఆ మాటకొస్తే మన చదివింపుల్లోనే మొహమాటం లేదు. పెళ్లి ఖర్చు ఎంతవుతుందో అందరికీ తెలుసు. నూటపదహార్లో అయిదొందల పదహార్లో పందిట్లో చదివిస్తారు, పుస్తకంలో రాస్తారు, రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసుకుని మనం చదివిస్తాం. నీ సంసారానికి వాషింగ్ మెషిన్ కావాలని మీ అమ్మకు చెబితే పిన్నులూ బాబాయిలూ తలా కొంత వేసుకుని కొంటారు. అందులో సిగ్గుపడాల్సిందేముంది?

అడిగినవాళ్లకే చెప్పు. ఒక్కటే చెప్పి ఇరకాటంలో పెట్టకు. చిన్నదీ పెద్దదీ కలిపి రెండు మూడు చెప్పు. ఎందుకు కావాలో తప్పకుండా చెప్పు. బండి కావాలన్నది మీ అత్త కోరికలో సగమే, మంచం మీదున్న తల్లి మిగతా సగం. ఇంత చెప్పాక కూడా ఎవరైనా గడియారమే తెస్తే, రెండు చేతులా అందుకో.

మీ అమ్మమ్మ విషయం మాత్రం వేరు. నెల రోజులుగా ఆవిడ నన్ను అడుగుతున్నదొక్కటే: "నా దగ్గర ఏముందిరా, దానికి ఏం పెట్టను?" పెన్షన్ డబ్బులు కొంగున ముడేసుకుని లెక్కపెట్టుకుంటోంది. నువ్వే ఫోన్ చేసి, అమ్మమ్మా, నీ ఊరగాయ జాడీ నాకివ్వు అని అడుగు. ఆ పెద్ద గోధుమరంగు జాడీ, మూత అంచు కాస్త పెచ్చు లేచింది చూడూ, అదే. నీకూ ఇష్టమే కదా అది. జాడీతో పాటు ఆవకాయ కలిపే కొలతలు కూడా చెప్పమను. అడిగి చూడు, ఆ ముడి విప్పి డబ్బు మళ్లీ పెట్టెలో పెట్టేసుకుంటుంది.

ఆ అబ్బాయిని కూడా అడుగు. మగపిల్లలు నాకేం వద్దు అంటారు. రెండోసారి అడుగు.

నీకింత చెప్పి నేను ఊరుకోకూడదు కాబట్టి నా కోరిక కూడా రాస్తున్నాను. పెళ్లిలో మేనమామకు బట్టలు పెడతారు. నాకు ప్యాంటు గుడ్డ వద్దు. పొందూరు ఖద్దరు పంచె కావాలి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, చేత్తో వడికిన సన్ననూలు. మీ తాతయ్య పండగలకి అదే కట్టేవాడు. నిన్ను గంపలో మోసేటప్పుడు అది కట్టుకోవాలని ఉంది. ఖరీదెక్కువైతే కండువా చాలు.

గురువారంలోగా జవాబు చెప్పు. ఆకుపచ్చ చీరో, ఇంకో రంగో, అసలు చీరే వద్దో. అత్త బండి తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఈ ఉత్తరం సింధియాలో పోస్టు చేసి చీకటి పడేలోగా కొండ దాటి రావాలి.

ఇట్లు
మీ మావయ్య