వేలిముద్ర ఉన్నా పాస్‌వర్డు మరువవద్దు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఎన్నో ఇళ్లకు ల్యాప్‌టాప్ వచ్చింది. బ్యాంకు, కరెంటు బిల్లు, పిల్లల చదువు, ప్రతి వెబ్‌సైటుకూ ఒక పాస్‌వర్డు కావాలి. గుర్తుండక చాలామంది అన్నిటికీ ఒకటే పెడతారు. అది ఒక్కచోట దొంగలకు చిక్కితే అన్నిచోట్లా చిక్కినట్లే. దీనికి వేలిముద్ర ఎంతవరకు మందో ఈసారి తెలుసుకుందాం.

ఎలా పనిచేస్తుంది?

కొన్ని ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు పక్కన గాని, పవర్ బటన్ మీద గాని వేలు పెట్టే చోటు ఉంటుంది. సాధారణంగా మన వేలి గీతల కొలతలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి, వెబ్‌సైటుకు వెళ్లవు. పాస్‌వర్డ్ మేనేజర్ అనే ప్రోగ్రాం ఒక పెట్టె లాంటిది. అది ప్రతి వెబ్‌సైటుకూ వేరువేరు పాస్‌వర్డు తయారుచేసి దాచుతుంది. వేలు పెడితే పెట్టె తెరుచుకుంటుంది. కాని దాని అసలు తాళంచెవి మనం పెట్టుకున్న ప్రధాన పాస్‌వర్డే.

వేలు పడకపోతే?

1880లో 'నేచర్' పత్రికకు వేలిముద్రల గురించి రాసిన హెన్రీ ఫాల్డ్స్ టోక్యోలోని ఒక మిషన్ ఆసుపత్రి వైద్యుడు. గీతలు అరిగిపోయినా మళ్లీ అదే తీరులో వస్తాయని ఆయన గమనించారు. అయితే వచ్చేదాకా యంత్రం గుర్తుపట్టదు కదా! నాట్లు వేసే చేతులు, మిల్లులో బస్తాలు మోసే చేతులు, సిమెంటు కలిపే చేతులు అరుగుతాయి. వయసు పైబడినా, చర్మం పొడిబారి పగిలినా, వేలికి కట్టు ఉన్నా ఇదే ఇబ్బంది. కేపసైటబిన్ అనే క్యాన్సర్ మందు వాడే కొందరికి అరచేతుల చర్మం ఊడి, గీతలు కనబడకుండా పోతాయి. అలాగని మందు మానకూడదు, డాక్టరుకు చెప్పాలి.

ఇంకొక సంగతి. 2018లో పెద్దపల్లి జిల్లాలో, రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి సిమ్ కార్డులు తీసిన కేసు బయటపడింది. పాస్‌వర్డు పోతే మార్చుకోగలం, వేలిని మార్చుకోలేం.

మనం చేయవలసినవి

1. ప్రధాన పాస్‌వర్డుకు ఒకదానితో ఒకటి సంబంధంలేని నాలుగైదు మాటలు కలపండి. పిల్లల పేర్లు, పుట్టినతేదీలు వద్దు.
2. రెండు చేతుల వేళ్లూ నమోదు చేయండి.
3. వారానికొకసారి వేలు పెట్టకుండా పాస్‌వర్డు కొట్టి తెరవండి. అప్పుడు మరచిపోరు.
4. దానిని కాగితం మీద రాసి, కవరులో అంటించి, ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో ఉంచండి. ఆ చోటు భార్యకో భర్తకో, నమ్మకమైన ఒక్కరికో చెప్పండి.
5. నెట్ సెంటరు కంప్యూటరులో పాస్‌వర్డులు దాచవద్దు.
6. స్పృహలేని రోగి వేలు పట్టి ల్యాప్‌టాప్ తెరవవద్దు. అది ఆయన అనుమతి కాదు.

పక్షవాతం వచ్చినా, ప్రమాదం జరిగినా ఇంటి పెద్ద మాట్లాడలేని రోజు రావచ్చు. ఆ రోజు ఇన్సూరెన్సు కాగితం ఎక్కడుందో, బ్యాంకు ఖాతా ఎలా చూడాలో ఇంటివారికి తెలియాలి. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఈ వారమే ఆ కవరు సిద్ధం చేసుకుందాం.