బరువు దించండి, లైవ్‌లోకి రండి

"కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక మొదలుపెడతానండీ."

లెక్కలు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పే ఒక మాస్టారు మూడేళ్ల కిందట నాతో అన్న మాట ఇది. ఈమధ్య కలిసినప్పుడూ అదే మాట అన్నారు. ఈలోగా మూడు టెన్త్ బ్యాచ్‌లు పరీక్షలు రాసి వెళ్లిపోయాయి. ఆయన ఇంట్లో 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. అది ఆన్ అవుతుంది. కెమెరా పనిచేస్తుంది, నెట్ కూడా ఉంది. మరి పాఠం ఎక్కడ ఆగిపోయింది?

మీ దగ్గరా ఇలాంటి వాయిదా ఒకటి ఉంటే, అది సంగీతం క్లాసు కానివ్వండి, వంట కానివ్వండి, ఊళ్లో గుడి కల్యాణం దూరాన ఉన్నవాళ్లకు చూపించడం కానివ్వండి, ముందు ఒక కాఫీ గిన్నె సంగతి వినండి.

1991లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ లాబొరేటరీలో పరిశోధకులకు ఒక చిక్కు ఉండేది. అందరికీ కలిపి ఒకటే కాఫీ గిన్నె. మెట్లెక్కి అంత దూరం వెళ్తే అది ఖాళీగా కనిపించేది. గిన్నె ఎదురుగా ఒక కెమెరా పెట్టి, దాని బొమ్మ తమ తమ కంప్యూటర్లలో కనిపించే ఏర్పాటు చేసుకున్నారు. ఆ బొమ్మ అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 128 చుక్కలు. రంగు లేదు. నిమిషానికి సుమారు మూడుసార్లే మారేది. 1993లో వెబ్‌లోకి ఎక్కాక ప్రపంచం నలుమూలల నుంచీ దాన్ని చూశారు. 2001 దాకా నడిచింది. ఇవాళ్టి లైవ్ వీడియోలకు అది ముత్తాత. బొమ్మ అంత మసకగా ఉన్నా పని జరిగిందంటే కారణం ఒక్కటే. గిన్నెలో కాఫీ ఉందా లేదా అన్నది అందులో స్పష్టంగా తెలిసేది.

మీ ముందూ అదే ప్రశ్న పెట్టుకోండి. చూసేవాళ్లకు మీ నుంచి నిజంగా కావలసింది ఏమిటి? లెక్కల మాస్టారి దగ్గర కావలసింది బోర్డు మీది అంకె, నోటి మాట. ఆయన చొక్కా మీది గళ్లు కావు. ఈ తేడా తేల్చుకోలేనివాళ్లు అన్నీ కావాలంటారు, అన్నీ కావాలన్నప్పుడే పాత మెషీన్ చేతులెత్తేస్తుంది.

లెక్క చూడండి. 1080పీ అంటే ఒక్కో ఫ్రేములో దాదాపు 20.7 లక్షల చుక్కలు. సెకనుకు 60 ఫ్రేములు పెడితే ప్రతి సెకనూ 12.4 కోట్ల చుక్కల్ని మీ ప్రాసెసర్ నమిలి, పిండి, చిన్నది చేసి పంపాలి. అదే 480పీ, సెకనుకు 30 ఫ్రేములు పెడితే 1.2 కోట్లు చాలు. పదోవంతు! మెషీన్ మారలేదు, మోసే మూట మారింది.

నా మొదటి లైవ్ ఇది తెలియకే పాడైంది. పిల్లలకు కథలు చెబుతున్నాను. పది నిమిషాలకు మాట ముక్కలైంది, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నెట్ బాలేదని వారం రోజులు అందరికీ చెప్పాను. తర్వాత, లైవ్ పంపడానికి నేను వాడే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాట్స్ అనే చిన్న కిటికీ తెరిచి చూస్తే తెలిసింది, నెట్ తప్పేమీ లేదని. ఆడలేక మద్దెల ఓడన్నాను. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

ఓబీఎస్ ఉచితం, 2012లో మొదలైంది. ఆ స్టాట్స్ కిటికీలో వదిలేసిన ఫ్రేముల లెక్కలు మూడు వేరువేరుగా కనిపిస్తాయి. రెండరింగ్ దగ్గర, అంటే తెర బొమ్మను కూర్చేచోట, పోతుంటే తెర మీద మీరు పేర్చిన బొమ్మలూ హంగులూ ఎక్కువయ్యాయి, తీసేయండి. ఎన్‌కోడింగ్ దగ్గర, అంటే ఆ బొమ్మను పిండి చిన్నది చేసేచోట, పోతుంటే ప్రాసెసర్‌కు ఊపిరాడటం లేదు. నెట్‌వర్క్ దగ్గర పోతుంటేనే తప్పు కనెక్షన్‌ది. జబ్బు ఎక్కడుందో చూసి మందు వేయండి. ఊహించి తిట్టుకోవడం వల్ల మీ ధైర్యం తగ్గుతుందే తప్ప వీడియో బాగుపడదు.

పాత మెషీన్లలో ఎక్కువగా పోయేది ఎన్‌కోడింగ్ దగ్గరే. అక్కడ ప్రీసెట్ అని ఒకటుంటుంది, మామూలుగా వెరీఫాస్ట్ మీద ఉంటుంది. సూపర్‌ఫాస్ట్, అల్ట్రాఫాస్ట్ అనే పేర్లు చూసి మెషీన్‌ను మరింత పరిగెత్తిస్తుందేమోనని భయపడతారు చాలామంది. జరిగేది అందుకు తలకిందులు. పేరులో వేగం పెరిగేకొద్దీ ఒక్కో ఫ్రేము మీద ప్రాసెసర్ పెట్టే శ్రమ తగ్గుతుంది, బొమ్మ నాణ్యత కాస్త తగ్గుతుంది. ఇంటెల్ 2011 నుంచి చాలా ప్రాసెసర్లలో క్విక్ సింక్ అని ఈ పనికోసమే ఒక విభాగం పెట్టింది. ఎన్‌కోడర్ల జాబితాలో ఆ పేరు కనిపిస్తే దానికి అప్పగించి చూడండి, ప్రాసెసర్ తేలిక పడుతుంది. మీది విండోస్ 7 లేదా 8 అయితే ఓబీఎస్ 28వ వెర్షన్ ఎక్కదు, 2022లో వాటిని వదిలేశారు. 27 దగ్గర ఆగండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. వెలుతురు! ఎన్‌కోడర్ చేసే పని, ముందు ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ ఏం మారిందో వెతికి ఆ మార్పునే పంపడం. గది చీకటిగా ఉంటే కెమెరా బొమ్మలో సన్నటి ఇసుక రాలుతున్నట్టు చుక్కలు కదులుతుంటాయి. ఏమీ మారకపోయినా అంతా మారుతున్నట్టే ఎన్‌కోడర్‌కు కనిపిస్తుంది, మీ బ్యాండ్‌విడ్త్ ఆ ఇసుకకే ఖర్చవుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోండి. వెనక ఫ్యాను గాలికి ఊగే కర్టెన్ ఉంటే కట్టేయండి. రూపాయి ఖర్చు లేకుండా బొమ్మ తేటపడుతుంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం దాచుకునే ముందు కుర్చీ జరిపి చూడండి.

మాటకు మాత్రం లోటు రానివ్వకండి. మసక బొమ్మను జనం ఓర్చుకుంటారు, తెగే మాటను ఓర్చుకోరు. వీడియోకు సెకనుకు 1500 కిలోబిట్లు ఇస్తే ఆడియోకు 128 చాలు. ఇంత చవగ్గా వచ్చేదాంట్లో పిసినారితనం ఎందుకు? కాలర్ మైక్ ఒకటి కొనుక్కోండి. వీడియో, ఆడియో కలిపి ఈ కిలోబిట్ల లెక్కన గంట లైవ్‌కు దాదాపు 730 ఎంబీ డేటా అవుతుంది. నెట్ ప్లాన్ మీద పెద్ద అక్షరాల్లో రాసే స్పీడు చాలాసార్లు డౌన్‌లోడ్‌ది. మీకు కావలసింది అప్‌లోడ్. మీరు పంపేదానికి కనీసం రెట్టింపు ఉందో లేదో చూసుకోండి. వైఫై బదులు కేబుల్ పెట్టండి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. యూట్యూబ్ మొదటిసారి లైవ్‌కు అనుమతి ఇవ్వడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఆదివారం క్లాసు అనుకుంటే శుక్రవారమే ఆ పని కానివ్వండి. శనివారం అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా, అరగంట నడపండి, పది నిమిషాలతో సరిపెట్టకండి. పాత ల్యాప్‌టాప్ మొదట చురుగ్గానే ఉండి, వేడెక్కాక తన వేగం తానే తగ్గించుకుంటుంది. అసలు రంగు అప్పుడు బయటపడుతుంది.

మాస్టారి ఇంటికి పోయిన శనివారం వెళ్లాను. ఫ్యాను దగ్గర పేరుకున్న దుమ్ము బ్రష్‌తో తీశాం. చార్జర్ పెట్టాం, ఎందుకంటే బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు నెమ్మదిస్తాయి. బ్రౌజర్ మూసేశాం, ఓబీఎస్‌లో ప్రివ్యూ ఆపేశాం. 480పీ, 30 ఫ్రేములు, సూపర్‌ఫాస్ట్. బోర్డు మీద నాలుగు వరుసలకు మించి రాయకుండా, ఒక్కో అంకె జానెడు ఎత్తున వేయమన్నాను. "ఇంత పెద్దగానా?" అన్నారు. ఫోన్‌లో చూపించాక ఆయనే ఇంకా పెద్దగా రాశారు.

ఆదివారం ఉదయం పదకొండు మంది పిల్లలు వచ్చారు. ఎన్‌కోడింగ్ దగ్గర పోయిన ఫ్రేములు సున్నా. సైన్ తీటా దగ్గర ఒక పిల్ల చాట్‌లో రాసింది: "సార్, ఆ రెండో స్టెప్పు మళ్లీ చెప్పరా?" మాస్టారు బోర్డు తుడిచి, మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు.