పేరుకు మైక్రో, లోపల నానో

సదర్ బజార్, బిలాస్‌పూర్.

చిరంజీవికి,

ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో, ఎంతసేపు పట్టిందో నమోదు చేసే ఏర్పాటును ట్రేసింగ్ అంటారు. లినక్స్‌లో ఆ పని చేసే ఎఫ్‌ట్రేస్ 2008లో, 2.6.27 వెర్షన్‌తో వచ్చింది. దాని గడియారం సాధారణంగా నానోసెకన్లలో, అనగా సెకనులో వంద కోట్లవ వంతుల్లో లెక్కపెడుతుంది గానీ, తెరపై మనిషి చదివేది ఎక్కువగా మైక్రోసెకన్లు, అనగా పది లక్షలవ వంతులు. ఈ వేయి రెట్ల తేడాను దాటించే చిన్న ఫంక్షన్ ముందు 500 కలిపి, ఆపైన 1,000తో భాగిస్తుంది. ఆ కలపడం వల్లనే 1,700 నానోసెకన్లు 1కి కుంచించుకుపోక, దగ్గరి అంకె అయిన 2 మైక్రోసెకన్లుగా తేలతాయి.

నానోసెకన్లు ఉన్న చలరాశికి మైక్రోసెకన్లను సూచించే ‘యూసెక్స్’ అనే పేరు తగిలించినా, కోడ్‌ను యంత్రసంకేతంగా మార్చే కంపైలర్ కిక్కురుమనదు, దానికి రెండూ పూర్ణాంకాలే. ఆ పేరును నమ్మి తరువాతివాడు భాగహారం మానేస్తే 2 మైక్రోసెకన్ల జాప్యం 2,000గా అచ్చవుతుంది. సదర్ బజార్ నగల కొట్లలోనూ తులం అసలు తూకం సుమారు 11.66 గ్రాములైనా, నేటి బేరంలో 10 గ్రాములకే ఆ మాట వాడడం కద్దు. అక్కడ అడిగి తెలుసుకునే వీలుంది, కోడ్‌లో అడగడానికి ఎదుట మనిషి ఉండడు.

అయితే కనబడిన ప్రతి పేరునూ నానోసెకన్లను సూచించే ‘ఎన్‌సెక్స్’గా మార్చేయడం తొందరపాటే అవుతుంది. ట్రేసింగ్ థ్రెష్ అనే ఫైలులో వాడుకరి రాసేది మైక్రోసెకన్లలో, కెర్నెల్ దాన్ని 1,000తో గుణించి దాచేది నానోసెకన్లలో. కాబట్టి ఫైలు దగ్గర సరైన పేరు చలరాశి దగ్గర తప్పు కావచ్చు. అంతకన్నా గడుసైనది గడియారాన్ని మార్చుకునే సౌకర్యం: ‘కౌంటర్’ అనే గడియారం కాలాన్నే కొలవదు, ఘటనల వరుసను మాత్రమే లెక్కిస్తుంది; ‘ఎక్స్86-టీఎస్‌సీ’ అనే గడియారం ప్రాసెసర్ చక్రాలను లెక్కిస్తుంది. ఏ గడియారమైనా రాగల చోట కొలమానం చెప్పని ‘టీఎస్’ (టైమ్‌స్టాంప్) అన్న పొడి పేరే నిజాయితీ గలది.

ఇలాంటి పేరు దిద్దే ప్యాచ్‌లో, అనగా కోడ్‌లో మార్పును పంపే చిట్టాలో, లెక్క దిద్దే పని కలపకూడదు. తెరపై అచ్చయ్యే అక్షరాలను చదివి బతికే పరికరాలు వేరే ఉన్నాయి కనుక ఆ అక్షరాల జోలికీ పోకూడదు. మారింది స్థానిక చలరాశి పేరొక్కటే అయితే, డీబగ్ సమాచారం మినహా, కంపైల్ అయిన యంత్రసంకేతం మునుపటిలాగే ఉండాలి. ప్యాచ్ పంపే ముందు చిరంజీవి మార్పుకు ముందూ తరువాతా కంపైల్ అయిన రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చవలసి ఉంటుంది.

ఆశీర్వచనాలతో,
పెదనాన్న