రాసిన ధర ఒకటి, కట్టే ధర ఇంకొకటి

డల్లాస్‌లో కొత్తగా దిగిన తెలుగు విద్యార్థికి మొదటి తికమక బిల్లు కౌంటర్ దగ్గరే. టీషర్టు మీద 10 డాలర్లని ఉంటుంది, కట్టాల్సింది 10.83. మన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఇక్కడ సేల్స్ ట్యాక్స్ చివర్లో వేస్తారు: టెక్సస్ రాష్ట్రానికి 6.25 శాతం, ఆపైన స్థానిక పన్ను 2 శాతం దాకా. ఒరెగాన్, మోంటానా, డెలావేర్‌లలో అసలు రాష్ట్ర సేల్స్ ట్యాక్సే లేదు.

అన్ని సరుకులకూ ఒకే లెక్క కాదు. ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తా, కందిపప్పు, పెరుగు డబ్బా కొంటే టెక్సస్‌లో పన్ను పడదు. అక్కడే వేడివేడి సమోసా తీసుకుంటే పడుతుంది. మొదటి నెల రసీదులు దాచుకుని వరుసగా చదివితే, ఇంట్లో వండుకుంటే ఎంత మిగులుతుందో తేలిపోతుంది.

టిప్పు సంగతి ఇంకా ముఖ్యం. టిప్పులు వచ్చే పనివారికి యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు వేతనం ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టెక్సస్‌లోనూ అదే అమలవుతోంది. టిప్పులతో కలిపినా గంటకు 7.25 డాలర్ల సాధారణ కనీస వేతనానికి చేరకపోతే, ఆ తేడాను యజమాని పూడ్చాలి. కూర్చుని తినే రెస్టారెంట్‌లో 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఆనవాయితీ. అయితే బిల్లులో గ్రాట్యుటీ పేరుతో టిప్పు ముందే కలిపారేమో చూసుకోవాలి.

ఇక ఆటల లెక్క చూద్దాం. మార్చి వచ్చిందంటే క్యాంపస్‌లలో బాస్కెట్‌బాల్ జ్వరం. కాలేజీ జట్ల జాతీయ టోర్నమెంట్‌లో ఒక్కసారి ఓడితే ఇంటికే. చాలా యూనివర్సిటీలు విద్యార్థుల ఫీజులోనే అథ్లెటిక్స్ రుసుము వసూలు చేసి, సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌లకు ఉచితంగానో చవగ్గానో టికెట్లు ఇస్తాయి. కట్టిన ఫీజుకు దక్కేదేమిటో కనుక్కుని, వెళ్లి చూడాలి. డ్యూక్ యూనివర్సిటీ స్టేడియంలో ఉన్నవి 9,314 సీట్లే. అందుకే అక్కడి పీజీ విద్యార్థులు ఒక వారాంతం ఆరుబయట క్యాంపు వేసి, లాటరీలో పేరొస్తేనే సీజన్ టికెట్ కొనుక్కుంటారు.

ఈ కాలేజీ జట్ల ఆటగాళ్లకు ఇప్పుడు కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం, తొలి ఏడాది (2025-26) ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచే వీలు కలిగింది. ఆటగాడైన అమెరికన్ క్లాస్‌మేట్ ప్రకటనల్లోనూ సంపాదిస్తున్నాడు కదా అని ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు అదే దారి పట్టకూడదు. సెమిస్టర్ నడుస్తుండగా వారికి క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని. అనుమతి లేకుండా యాప్ డెలివరీలు చేసినా వీసా స్టేటస్‌కే ముప్పు. ఎవరు ఏ పనికి డబ్బిస్తామన్నా, ఒప్పుకునేముందే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి అడగాలి.