కనిపెట్టుట అనగా ఊరకుండుట కాదు
పాఠ్యభాగము: యాకోబు 5:7-11, హెబ్రీ 11:13



తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలోని మన తెలుగు కూడికలను గూర్చి మాట్లాడుకొనునప్పుడు ఒక ప్రశ్న మరల మరల వచ్చుచున్నది. బుధవారపు ప్రార్థనకు ఐదారుగురే వచ్చుచున్నారు. పిల్లలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుచున్నారు. ఇంటిలోని తెలుగు బైబిలు వారికి చదువరాని పుస్తకమైనది. యౌవనులు ఆదివారము రైలెక్కి చెన్నైలోని పెద్ద సంఘములకు పోవుచున్నారు. "ఇంకెన్నాళ్ళు ఇట్లు? ఆపివేయుదమా?" అని అడుగువారున్నారు. వారు విశ్వాసము లేనివారు కారు, అలసినవారు. వారి ప్రశ్నను మనస్సునందుంచుకొని ఈ పాఠమును ధ్యానించుదము.

1. రైతు ఏమి చేయును?

ఓపికను గూర్చి చెప్పుటకు యాకోబు వాన కొరకు ఎదురుచూచు రైతును మన ముందు నిలుపుచున్నాడు. తిరుత్తణి చుట్టుప్రక్కల మెట్ట పొలములలో వేరుశనగ విత్తినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. వాన కురిపించుట రైతు వశము కాదు. అయినను అతడు చేతులు కట్టుకొని కూర్చుండడు. కలుపు తీయును, గట్టు సరిచేయును, పైరును పశువులు మేయకుండ కాయును. తన వశములో లేనిదానిని దేవునికి విడిచి, వశములో ఉన్నదానిని ప్రతిదినము చేయును. బైబిలులో కనిపెట్టుట అనగా ఇదే.

తొమ్మిదవ వచనమును కూడ గమనించుదము. ఓపికను గూర్చి చెప్పుచునే యాకోబు ఒకరిమీద ఒకరు సణుగవద్దని హెచ్చరించుచున్నాడు. ఎందుకనగా చాలకాలము ఎదురుచూచినవారు, రానివారి మీద కోపమును వచ్చినవారి మీద చూపుదురు. ఐదుగురున్న కూడికను ఈ సణుగుడు త్వరగా చెరుపును.

2. మూసివేయుదమా అని అడిగిన రోజులు

ఈ ప్రశ్న తెలుగు బాప్టిస్టులకు క్రొత్తది కాదు. 1836లో మన దేశమునకు వచ్చిన శామ్యూల్ డే దొరగారు 1837లో మద్రాసు చేరి, అక్కడి తెలుగువారి మధ్య పనిచేసి, 1840లో నెల్లూరు వెళ్ళిరి. అనగా నెల్లూరుకంటె ముందే, సొంత నాటికి వెలుపల నున్న మనవంటి తెలుగువారి మధ్య ఆ పని జరిగినది. ఏండ్లు గడచినను ఫలము బహు స్వల్పము. ఈ మిషనును మూసివేయవలెనా అని అమెరికాలో ఒకటికంటె ఎక్కువ మారులు చర్చించిరి. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో పటముమీద ఒంటరిగా కనబడిన ఈ స్థలమును చూపి మాట్లాడినందున దీనికి ఒంటరి నక్షత్రము అను పేరు వచ్చినది.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు ఐదుగురే: జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. మన బుధవారపు కూడికంత! ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని వారు అడిగిరి. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చినది 1866లో. పండ్రెండేండ్లు గడచినవి. 1867 జనవరి 1న స్థాపింపబడిన ఒంగోలు సంఘములో సభ్యులు ఎనిమిదిమంది.

తరువాత 1876-78 గొప్ప కరవు వచ్చినది. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము ఒప్పుకొని ఆకలిగొన్నవారికి పని యిచ్చిరి. మన జిల్లాలోని పులికాట్ మీదుగా పోవు కాలువ అదే. అప్పుడు బాప్తిస్మము కోరినవారు అనేకులు. అయినను కూలి కొరకు, గింజల కొరకు ఎవరును చేరకూడదని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపివేసిరి. ఫలము కంటియెదుట నున్నప్పుడు ఆగుట మరింత కష్టమైన ఓపిక. కరవు పనులు ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

3. విత్తినవాడు కోత చూడలేదు

ఆ దినమును డే దొరగారు చూడలేదు. ఆరోగ్యము చెడి 1853లో స్వదేశమునకు వెళ్ళిన ఆయన 1871లో ప్రభువునందు నిద్రించిరి. వాగ్దానఫలమును దూరమునుండియే చూచి మృతిబొందినవారిని గూర్చి హెబ్రీ పత్రిక చెప్పుచున్నది. ఆయన వారిలో ఒకరు.

కావున నేటి ఐదుగురు రేపు వేలమంది అగుదురని మేము చెప్పుటలేదు. దేవుడు అట్టి మాట మనకియ్యలేదు. నమ్మకముగా నుండుట మన పని, లెక్క ఆయనది.

4. మనము చేయదగినవి

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రములో చేరినది. మనలో కొందరు వలస వచ్చినవారు. మరికొందరు కదలకయున్నను సరిహద్దు వారిని దాటిపోయినది. ఇరువురికిని పని ఒక్కటే. చెప్పిన వేళకు కూడిక ప్రారంభించుదము, ఇద్దరే వచ్చినను సరే. ఆదివారము సాయంకాలము అరగంట పిల్లలకు అక్షరములు నేర్పి ఒక కీర్తన చదివించుదము. రాని కుటుంబమును నిందించక, దర్శించుదము. మన పిల్లలు తమిళములో ప్రభువును స్తుతించినయెడల దుఃఖింపక సంతోషించుదము. మనము కాయుచున్నది భాష గర్వమును కాదు, విశ్వాసమును.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. మన కూడికలో దేవుని వశమున నున్నవేవి? మన వశమున నున్నవేవి?
2. రానివారి మీద కోపమును మనము ఎవరిమీద చూపుచున్నాము?
3. ఫలము మన తరువాతివారే చూచినయెడల, ఈ పనిని కొనసాగించుదమా?

కనిపెట్టువారికి ప్రభువు బలము ననుగ్రహించును గాక. ఆమేన్.