ఆ గంటకు మీరు అక్కడుండాలి

మన పల్లెల్లో చెక్కభజన నేర్పే గురువును ఈసారి కాస్త దగ్గరగా గమనించండి. రాత్రి అన్నాలు తిన్నాక రామాలయం ముందు పదీ పదిహేను మంది చేరతారు. పగలంతా చేలో ఒళ్లు వంచినవాళ్లు, ఆటో తోలినవాళ్లు, ఇంటర్ చదివే పిల్లలు. చేతుల్లో చెక్కలు, వాటికి బిగించిన బిళ్లలు. గురువు మధ్యలో నిలబడి పాట అందుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు అదే చరణం తిరిగి అంటూ అడుగు వేస్తారు. కొత్తగా చేరినవాడి కాలు తప్పుతుంది. వాణ్ని ఎవరూ బయటికి లాగరు, వాడి కోసం పాట ఆపరు. పక్కనున్నవాడు మోచేత్తో తడతాడు, అంతే. రెండో చుట్టుకో మూడో చుట్టుకో వాడి కాలు కూడా అందరి కాళ్లతో పడుతుంది. ఇలా చాలాకాలం సాగాక గజ్జెపూజ చేసి ఊరందరి ముందు ఆడతారు.

ఆ గురువును ఎందుకు గమనించమన్నానంటే, ఒంటరితనంతోనో దిగులుతోనో నలిగిపోతున్నవాళ్లకు కళ ద్వారా తోడుండాలని ఇప్పుడు చాలామంది యువతకు అనిపిస్తోంది. వృద్ధాశ్రమంలో బొమ్మలు వేయిద్దామని ఒకరు, హాస్టల్ పిల్లలతో నాటిక ఆడిద్దామని ఇంకొకరు. చాలా మంచి కోరిక. అయితే బయల్దేరేముందు వీళ్లు వేసుకునే ప్రశ్న ఒకటుంది: "నాకే బొమ్మలు సరిగ్గా రావు, నేనేం నేర్పగలను?" ఆ ప్రశ్న పక్కన పెట్టండి. "ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి నేను అక్కడ ఉండగలనా?" అని మిమ్మల్ని మీరు అడగండి. ఉండగలిగితే మీరు ఈ పనికి పనికొస్తారు. ఉండలేకపోతే మీకు రవివర్మంత చేయి ఉన్నా లాభం లేదు.

ఇది నా అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద పెద్ద నివేదిక ఇచ్చింది. 3,000కు పైగా అధ్యయనాలను వడగట్టి, పాట, ఆట, బొమ్మ, నాటకం ఒంటికీ మనసుకూ మేలు చేస్తున్నాయని చెప్పింది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ఇంకా చిన్నది, మనకు ఇంకా దగ్గరిది. 39 మంది పెద్దవాళ్లకు రంగులు, బంకమన్ను, అతికించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు వాళ్లకు నచ్చింది చేయమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం తీసి, ఒత్తిడి పెరిగితే పెరిగే కార్టిసాల్ ఎంతుందో చూశారు. నూటికి 75 మందిలో అది తగ్గింది. బొమ్మలు అలవాటున్నవాళ్లకూ, బడి మానేశాక కుంచె ముట్టనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో చెప్పిన సంగతి మీ మొదటి రోజుకే పనికొస్తుంది. పాటల తరగతులను, చేతిపనుల తరగతులను, రచన తరగతులను ఏడు నెలలపాటు పోల్చి చూశారు. చివరికి అన్ని గుంపుల్లోనూ దగ్గరతనం వచ్చింది. కానీ పాట పాడినవాళ్లు తొలి నెలలోనే ఒకరికొకరు దగ్గరయ్యారు. కాబట్టి మీరు బొమ్మల కోసమే వెళ్లినా ముందు పది నిమిషాలు పాటకు ఇవ్వండి. పాట మీరు ఎంచుకోవద్దు. "అవ్వా, మీ ఊళ్లో నాట్లప్పుడు ఏం పాడేవాళ్లు?" అని అడిగి, ఆమె అందుకుంటే మీరు వంత పాడండి. నేర్పడానికి వచ్చిన మనిషి నేర్చుకోవడంతో మొదలుపెడితే గదిలో అందరి భయమూ సగం దిగుతుంది.

ఆ తర్వాతి పని ఊరిని బట్టి ఉంటుంది. ప్రొద్దుటూరులో మొదలుపెట్టాలనుకుంటే నా సలహా ఒకటే, ముగ్గు. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం రాసిన ఊరు అది. దసరా వస్తే అమ్మవారిశాల చుట్టూ, తొట్టిమెరవణి వెంట జనం కిక్కిరిసే ఊరు. అందం అంటే ఏమిటో అక్కడ ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. అయినా రంగులూ కాగితమూ ముందు పెట్టగానే మన పెద్దవాళ్ల చేతులు ఒళ్లోకి వెళ్లిపోతాయి.

"నాకు యాడొస్తాది లే నాయనా, నేనేమన్నా సదువుకున్నానా?"

ఇక్కడ చాలామంది "మీకు తప్పకుండా వస్తుంది, ప్రయత్నించండి" అని బతిమాలడం మొదలుపెడతారు. ఆ మాటతో అది పరీక్ష అయిపోతుంది. బదులుగా ఒక నల్లపలకా సుద్దముక్కా తెచ్చి, "రాకుంటే పోనీ అవ్వా. మా ఇంట్లో ఏడు చుక్కల ముగ్గు ఎట్ల కలుపుతారో మర్చిపోయినా, కొంచెం చూపీ" అనండి. యాభై ఏళ్లుగా తెల్లారేసరికి వాకిలి నింపిన చేయి అది. చుక్కలు పెట్టేటప్పుడు ఆ వేళ్లను చూడండి, కొలత లేకుండా కొలిచినట్టు పడతాయి. ఆమె పూర్తిచేశాక "సూపర్" అనకండి. "ఈ మెలిక ఎవరు నేర్పినారు?" అనండి. మెచ్చుకోలుకు జవాబు ఉండదు. ఈ ప్రశ్నకు ఒక అమ్మ ఉంటుంది, ఒక పుట్టిల్లు ఉంటుంది, ఒక కథ ఉంటుంది. మగ్గం గుంతలో కూర్చుని నడుము పోగొట్టుకున్న నేతపని పెద్దాయన దగ్గర కూడా ఇంతే. ఆయన్ని బొమ్మ వేయమనకండి, చీర అంచు డిజైన్ ఒకటి గుర్తుచేసుకుని గీయమనండి.

జమ్మలమడుగు వైపు పని ఇంకా బరువైనది. గండికోట జలాశయంలో నీళ్లు నిలపడంతో కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు 2020లో మునిగింది. జనం పునరావాస కాలనీలకు చేరారు. పరిహారం గురించి పత్రికలు రాశాయి, నాయకులు మాట్లాడారు. అరుగు పోయిన ముసలివాడి దిగులుకు మాత్రం ఏ దరఖాస్తులోనూ గడి ఉండదు. ఊరు కొట్టుకుపోయిన కలలు ఆయనకు వస్తుంటే దాన్ని జబ్బు అనలేం, అలాగని వదిలేయనూ లేం. ఇలాంటి కాలనీల్లో ఏం చేయవచ్చో చెబుతాను.

రెండు మూడు నెలలు పాటలతో, మాటలతో అలవాటు పడ్డాకే దీనికి దిగండి. నాలుగు పెద్ద చార్టులు అతికించి నేలమీద పరవండి. మధ్యలో అడ్డంగా ఒక గీత గీసి, "ఇది మీ ఊరి రోడ్డనుకుందాం పెద్దాయనా, మీ ఇల్లు ఎటు పక్క?" అనండి. "రోడ్డు అట్ల యాడ పోతాది? ఇట్ల గదా తిరుక్కునేది" అని ఆయన మీ చేతిలోంచి పెన్ను లాక్కున్నాడంటే పని మొదలైనట్టే. మీరు వెనక్కి జరగండి. పీర్ల చావిడి ఎక్కడ, వేపచెట్టుకు ఎటువైపు రచ్చబండ, మంచినీళ్ల బావికి దారి ఎవరింటి సందులోంచి, ఈ తగాదాలు ఒక్కొక్కటీ సాగనివ్వండి. సరిదిద్దకండి, తొందరపెట్టకండి. ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరిగితే మంచినీళ్ల గ్లాసు అందించి పక్కన కూర్చోండి. "ఏడవకండి" అనడం ఎదుటివాళ్ల కోసం కాదు, ఆ కన్నీళ్లు చూడలేని మన కోసం. పటం పూర్తి కాకపోయినా గంట కాగానే చుట్టి, ఆ కాలనీవాళ్ల దగ్గరే పెట్టి రండి. మళ్లీ వారం వెళ్లి పరవండి. మీరు వెళ్లని వారం ఆ పటం మీద రెండోసారి ఊరు పోయినట్టుంటుంది వాళ్లకు. అందుకే వచ్చే గంట గురించి ఇంత పట్టుబడుతున్నాను.

పులివెందుల పక్కన నాటకం ఉంది. నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో సురభి అనే చిన్న ఊరు. తరతరాలుగా తోలుబొమ్మలాడించిన కుటుంబాలు 1885లో అక్కడ తామే వేషం కట్టి కీచకవధ ఆడాయి. వనారస గోవిందరావు పూనికతో మొదలైన ఆ పని సురభి నాటక సమాజాలుగా తెలుగు నేలంతా తిరిగింది. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది తెరలూ మాయలూ అనుకుంటారు అందరూ. నన్నడిగితే పని పంచుకోవడం. ఈరోజు రాజు వేషం వేసినవాడు రేపు తెర తాడు లాగుతాడు. చంటిపిల్లకూ వేషం ఉంటుంది, పళ్లూడిన తాతకూ పని ఉంటుంది.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే ఇల్లు వదిలి వచ్చిన పిల్లలున్నారు. చుట్టుపక్కల హాస్టళ్లలో అంతకన్నా చిన్నవాళ్లున్నారు. వాళ్లతో నాటిక వేయించేటప్పుడు గలగలా మాట్లాడే నలుగురికే వేషాలిచ్చి మిగతావాళ్లను చప్పట్లకు కూర్చోబెట్టకండి. వెనక బెంచీలో మూగగా ఉండే పిల్లవాడికి లైటు వేసే పని ఇవ్వండి. వాడు స్విచ్ వేయందే రాజు కనపడడు. తన పని లేకపోతే ఆట ఆగుతుందని తెలిసిన పిల్లవాడు వచ్చే వారం తనంతట తనే వస్తాడు. అంతకు మించి ఉపన్యాసాలు అక్కర్లేదు.

ఇక కొన్ని కచ్చితమైన మాటలు. "మానసిక ఆరోగ్య శిబిరం" అని బ్యానర్ కట్టకండి, మన ఊళ్లలో ఆ గుమ్మం తొక్కడానికి జంకుతారు. పాటల గంట అనండి, బొమ్మల ఆదివారం అనండి, చేసేది అదే కాబట్టి అబద్ధమూ కాదు. ఫొటోలు తీసి స్టేటస్ పెట్టకండి. ఒకరు తమ బాధను గీసుకున్న కాగితం మన మంచితనానికి సర్టిఫికెట్ కాకూడదు. బొమ్మకు అర్థం చెప్పకండి. నలుపు రంగు వాడారు కాబట్టి దిగులుగా ఉన్నారని తేల్చేయడం తప్పు, ఆ రోజు పెట్టెలో అరగకుండా మిగిలిన రంగు అదే అయ్యుండొచ్చు. మీరు వైద్యులు కారు, కానవసరం లేదు. కానీ ఎవరైనా బతకాలని లేదని అన్నా, రెండు మూడు వారాలుగా తిండీ నిద్రా లేకుండా ఉన్నా ఆ మాట గుట్టుగా దాచకండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. నంబరు చెప్పి వదిలేయకుండా పక్కన కూర్చుని ఫోన్ కలపండి. ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.

మీకేం వస్తుందని అడిగేవాళ్లుంటారు, అడగడంలో తప్పు లేదు. ఎదుటి మనిషి ఆగినప్పుడు ఆ ఖాళీని మన మాటలతో నింపకుండా ఉండటం వస్తుంది. ఇది ఇంటర్వ్యూలోనూ కాపురంలోనూ ఒకేలా అక్కరకొస్తుంది. ఎవరూ రాని రోజు కూడా తలుపు తీసి కూర్చోవడం వస్తుంది. నేను చూసినంతలో వ్యక్తిత్వం అన్నది ఎక్కువగా గట్టిపడేది అలాంటి ఖాళీ సాయంత్రాల్లోనే. కాలేజీలో ఉన్నవాళ్లకు జాతీయ సేవా పథకం ఎలాగూ ఏడాదికి 120 గంటల సేవ అడుగుతుంది. వాటిని ముక్కలు ముక్కలుగా పదిచోట్ల చల్లకుండా, వారానికి రెండు గంటలు ఒకే చోట పెట్టి చూడండి. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. చార్టులు, సుద్దముక్కలు, రంగుల పెట్టె, హాజరు రాసుకోను ఒక నోటుపుస్తకం.

ఒకనాటికి మీరు చదువుకో ఉద్యోగానికో బెంగళూరో హైదరాబాదో వెళ్లిపోతారు. అది దాచకుండా రెండు నెలల ముందే అందరికీ చెప్పండి. ఈలోగా మీ బదులు వచ్చే మనిషిని వెతికి, ఒక నాలుగు వారాలు వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ మనిషి బయటివాడే కానక్కర్లేదు. మొదటి రోజు "నాకు యాడొస్తాది" అన్న అవ్వ కూతురు కావచ్చు, లైటు వేసిన పిల్లవాడు కావచ్చు. పుస్తకమూ రంగుల పెట్టే వాళ్ల చేతికిచ్చి, వచ్చే ఆదివారం ఐదింటికి అక్కడ ఎవరుంటారో పేరుతో సహా చెప్పి మరీ బస్సెక్కండి.